దిండులో దాగిన గ్రంథము
(అదోనిరాము జడ్సన్ దొరగారి జీవితము)



1818వ సంవత్సరము మార్చి 18వ తేదీన మన మచిలీబందరు రేవునకు ఒక ఓడ వచ్చెను. ఆ ఓడలో ఒక అమెరికా దేశస్థుడు జ్వరముతో లేవలేక పడియుండెను. ఆయన వయస్సు 29 సంవత్సరములు. రంగూను విడిచి అప్పటికి 12 వారములాయెను. కొద్ది దినములలో చిట్టగాంగు చేరవలసిన ఆ ఓడ ఎదురుగాలులకు చిక్కి, దారి మార్చుకొని, మద్రాసు చేరజూచి అదియు సాగక, తుదకు మన తీరమునకు కొట్టుకొని వచ్చెను. ఓడలో తిండి అయిపోయెను. దారిలో ఎదురైన పడవలవారిని అడుగుకొనిన ముక్కిన నూకలతో ప్రాణము నిలుపుకొనుచు వచ్చిరి. ఆ రోగి పెన్సిలుతో ఒక చీటి సిద్ధపరచి, ఊరిలోనున్న ఏ ఆంగ్లేయునికైనను ఇమ్మని ఒడ్డునకు పంపెను. చనిపోవుటకు నేలమీద కొంచెము చోటు ఇప్పించుడని మాత్రమే ఆ చీటిలో వేడుకొనెను.

ఆ చీటి చూచి ఆంగ్లేయులు కొందరు పడవమీద వచ్చి, ఆయనను ఇంటికి తీసికొనిపోయి, పరిచర్య చేసిరి. కొంత తేరుకొనిన తరువాత ఆయన పల్లకీలో 300 మైళ్లు ప్రయాణము చేసి ఏప్రిల్ 8వ తేదీన మద్రాసు చేరిరి. మార్చి, ఏప్రిల్ నెలలలో బందరునుండి దక్షిణమునకు పోవు ఆ కోస్తా దారి ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆయనే అదోనిరాము జడ్సన్ గారు. బర్మా దేశమునకు, అనగా నేటి మయన్మారునకు, బైబిలు గ్రంథమును ఇచ్చినవాడని లోకమంతయు ఆయనను ఎరుగును. తర్జుమా చేసినది ఆయన కలమే. అయితే ఆయన చరిత్రను చదివినప్పుడెల్ల నాకు కనబడునది ఆ గ్రంథమును దారి పొడుగున పట్టుకొనిన ఇతరుల చేతులు. వారిలో కొందరు క్రైస్తవులు కూడ కారు. ఈ నెల ఆ సంగతి మీతో చెప్పదలచితిని.

జడ్సన్ గారు 1788 ఆగస్టు 9వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో మాల్డెన్ అను ఊరిలో పుట్టిరి. తండ్రి సంఘ కాపరి. తండ్రి పేరే కుమారునికి పెట్టిరి. అదోనీరాము అనగా సొలొమోను రాజునొద్ద వెట్టిపనులపై అధికారియైనవాడని మొదటి రాజుల గ్రంథము 4వ అధ్యాయము చదివినవారికి జ్ఞాపకముండును. బిడ్డకు మూడేండ్ల వయస్సున తండ్రి ప్రయాణము వెళ్లగా, తల్లి అక్షరములు నేర్పెను. తండ్రి తిరిగి వచ్చునప్పటికి పిల్లవాడు బైబిలులో ఒక అధ్యాయము చదివి వినిపించెను.

ఇంత భక్తిగల ఇంట పెరిగినవాడు కాలేజీకి పోయి విశ్వాసము పోగొట్టుకొనెను. ఇది కాపరుల ఇండ్లలో ఈనాడును జరుగుచున్నదే గనుక నేను దాచిపెట్టను. బ్రౌన్ కాలేజీలో జేకబ్ ఈమ్స్ అను స్నేహితుడు ఆయనకుండెను. దేవుడు ఉంటే ఉండవచ్చును గాని మనుష్యుల సంగతి ఆయనకు పట్టదని ఆ స్నేహితుని మతము. జడ్సన్ గారు ఆ మతములో చేరి, 1807లో తరగతికంతటికి మొదటివాడై చదువు ముగించి, దేశము తిరుగుటకు బయలుదేరిరి. ఒక రాత్రి ఒక సత్రములో దిగగా, ప్రక్క గదిలో ఎవరో చావునకు సిద్ధముగా నున్నాడని సత్రపువాడు ముందుగానే చెప్పెను. రాత్రంతయు ఆ మూలుగు వినుచు ఆయన నిద్రపట్టక, తన భయమును చూచి ఈమ్స్ ఎంత నవ్వునో అని సిగ్గుపడిరి. తెల్లవారి విచారించగా ఆ మనుష్యుడు చనిపోయెనని తెలిసెను. పేరడుగగా, జేకబ్ ఈమ్స్ అని సత్రపువాడు చెప్పెను.

ఆయన తిన్నగా ఇంటికి పోయి, 1808లో ఆండోవర్ వేదాంత పాఠశాలలో చేరిరి. అక్కడ ఆవా రాజ్యమునుగూర్చి సైమ్స్ అను ఆంగ్ల అధికారి వ్రాసిన పుస్తకము చదివినది మొదలు బర్మా దేశము ఆయన మనస్సును విడువలేదు.

1812 ఫిబ్రవరి 5వ తేదీన ఆన్ హాసెల్టైన్ అను ఉపాధ్యాయినిని వివాహమాడి, రెండు వారములలో, అనగా 19వ తేదీన, సేలం రేవులో ఓడ ఎక్కిరి. ఓడలో బాప్తిస్మమును గూర్చి లేఖనములు పరిశోధించి, కలకత్తా చేరిన తరువాత సెప్టెంబరు 6వ తేదీన ఇరువురును నీటిలో ముంపబడి బాప్తిస్మము పొందిరి. ఆ విషయములో వాదమునకు ఈ పత్రిక చోటు కాదు. కాని ఫలితము చెప్పవలెను. తమ్మును పంపిన సంఘమును విడిచినందున వారికి జీతము లేకపోయెను. తోటి మిషనరీ లూథర్ రైస్ గారు అమెరికాకు తిరిగిపోయి బాప్తిస్టు సంఘములను కదలించగా, 1814లో ఫిలడెల్ఫియాలో వారి మిషను సభ ఏర్పడెను. ఆ మిషనువారే తరువాత శామ్యూల్ డే గారిని తెలుగువారియొద్దకు పంపిరి. ఆయన 1836లో విశాఖపట్టణమునకును, 1840లో నెల్లూరునకును వచ్చిరి. కాబట్టి జడ్సన్ గారి కథ మనకు పరాయి కథ కాదు.

ఈస్టిండియా కంపెనీవారు మిషనరీలను కలకత్తాలో నిలువనీయలేదు. పైగా ఆ సంవత్సరమే ఇంగ్లండునకు అమెరికాకు యుద్ధము వచ్చెను. జడ్సన్ దంపతులు మారిషస్ దీవికి పోయిరి. వారితో అమెరికానుండి వచ్చిన హారియట్ న్యూయెల్ అను 19 ఏండ్ల మిషనరీ భార్య అంతకుముందే, ఓడలో బిడ్డను పోగొట్టుకొని, 1812 నవంబరులో ఆ దీవిలోనే తానును చనిపోయి యుండెను. అక్కడనుండి 1813 జూనులో మద్రాసు వచ్చిరి. కంపెనీవారు పట్టుకొని ఇంగ్లండు పంపెదరను భయముచేత, ఏ ఓడ దొరికిన దానిలో బయలుదేరవలసి యుండెను. దొరికిన ఓడ రంగూనునకు పోవు పాత ఓడ. బంగాళాఖాతము నడుమ, వైద్యుడు లేక, ఆన్ దొరసానికి మొదటి బిడ్డ చనిపోయి పుట్టెను. ఆ బిడ్డను సముద్రమునకు అప్పగించి, జూలై 13వ తేదీన రంగూను చేరిరి. మన పెద్దలు రంగము అని పిలిచిన పట్టణము ఇదే. ఉత్తరాంధ్రనుండి ఎన్నో కుటుంబములు కూలికై పోయిన చోటు. అయితే ఆ వలసలు చాల కాలము తరువాత మాట.

ఇక భాష సంగతి. బర్మా భాషకు ఆయన చేతికి అందిన నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు. దొరికిన పండితునికి ఇంగ్లీషు రాదు. వసారాలో బల్లయొద్ద కూర్చుండి, ఒక వస్తువును వ్రేలితో చూపుట, పండితుడు పేరు చెప్పుట, ఈయన వ్రాసికొనుట. దినమునకు 12 గంటలు ఇట్లు గడచెను. పుస్తకములన్నియు తాటియాకులమీద గంటముతో గీచినవి. మన తాళపత్రములను చూచినవారికి ఆ కష్టము తెలియును. బర్మా లిపియు మన లిపియు పూర్వకాలపు దక్షిణదేశపు వ్రాతలనుండి పుట్టినవే. రెండును గుండ్రనివే. మాటకు మాటకు నడుమ ఖాళీ లేక, వాక్యమంతయు ఒకే గొలుసువలె సాగును. ఎక్కడ మాట తెగునో తెలిసిన గాని అర్థము తెలియదు. దానిపైన వారి మతగ్రంథముల పాళీ భాష కూడ నేర్వవలసి యుండెను. ఆ వేడిమిలో రాత్రింబగళ్లు అక్షరములు చూచి చూచి కన్నులు చెడి, కొంతకాలము ఏమియు చదువలేకపోయిరి.

దేవుడు అను ఒక్క మాటకే ఎంత శ్రమ! బర్మావారు ఫయా అను మాటను బుద్ధునికిని, గోపురములకును, రాజునకును కూడ వాడుదురు. ఆ మాట విడిచిన జనులకు తెలియదు. ఒంటిగా వాడిన విగ్రహమని తలచెదరు. నేటికిని బర్మా బైబిలులో ఆ మాటకు ప్రభువు అను అర్థముగల తఖిన్ అను మాట చేర్చి ఫయాతఖిన్ అని చదువుదురు. మనము ఆదికాండము మొదటి వచనము ఒక్క ఊపిరిలో చదివివేయుదుము. ఆ వచనములోని ప్రతి మాటకును ఎవరో ఒకరు కూర్చుండి చెమటోడ్చిరని తలచుకొనము.

1815లో రాజర్ అను కుమారుడు పుట్టి, 8 నెలలకు జ్వరముతో చనిపోయెను. 1816లో జార్జి హౌ అను అచ్చుపనివాడు శ్రీరాంపురమునుండి ముద్రాయంత్రముతో వచ్చెను. 1817లో మత్తయి సువార్త అచ్చయ్యెను. గ్రంథము సిద్ధమే గాని విశ్వాసి ఒక్కడును లేడు. బర్మా మాటలాడు క్రైస్తవుని ఎవరినైన చిట్టగాంగునుండి తెచ్చుకొనవలెననియే ఆ సంవత్సరాంతమున ఆయన ఓడ ఎక్కిరి. ఆ ఓడయే మన బందరు చేరినది.

ఆయన బందరులోను మద్రాసులోను చిక్కుకొనియుండగా రంగూనులో ఆయన బ్రతికియున్నట్లు ఎవరికిని తెలియదు. ఊరిలో కలరా వ్యాపించెను. ఇంగ్లీషువారితో యుద్ధము వచ్చునని వదంతి పుట్టి, ఓడలన్నియు రేవు విడిచిపోవుచుండెను. హౌ గారి కుటుంబము బయలుదేరగా ఆన్ దొరసానియు వారితో ఓడ ఎక్కెను. ఎక్కినది గాని మనస్సు ఒప్పలేదు. ఓడ కదలుటకు ఆలస్యము కాగా సామాను దింపించుకొని ఒంటరిగా మిషను ఇంటికి తిరిగివచ్చి, తలుపు తీసి, మరల బర్మా పాఠము మొదలుపెట్టెను. ఆగస్టు నెలలో భర్త సజీవుడై వచ్చెను. ఆమె ఆ ఓడలో పోయియున్నయెడల బర్మాలో మిషను పని అప్పుడే ముగిసియుండునని నా అభిప్రాయము.

1819లో జడ్సన్ గారు గోపురమునకు పోవు దారి ప్రక్కను వెదుళ్లతో తాటాకుతో ఒక చావడి కట్టించిరి. ఆ దేశములో బాటసారులు చావడిలో కూర్చుండుట, బోధకులు అక్కడ బోధించుట వాడుక. దొరల పద్ధతిగా గుడి కట్టి జనులను రమ్మని పిలువక, జనులు కూర్చుండు చోటికే ఆయన వచ్చి కూర్చుండిరి. ఆ సంవత్సరము జూన్ 27వ తేదీన మౌంగ్ నౌ అను కూలివాడు దగ్గరనున్న చెరువులో బాప్తిస్మము పొందెను. రంగూను వచ్చిన ఆరేండ్లకు మొదటి విశ్వాసి! నవంబరులో మరి ఇద్దరు, అధికారుల భయముచేత ప్రొద్దు క్రుంకిన తరువాత, బాప్తిస్మము పొందిరి.

మతస్వాతంత్ర్యము వేడుకొనుటకై 1820 జనవరిలో జడ్సన్ గారు ఆవా రాజునొద్దకు పోయిరి. బంగారు రేకు తాపడము చేసిన ఆరు సంపుటముల బైబిలు కానుకగా పట్టుకొనిపోయిరి. రాజు వారిచ్చిన కరపత్రములో మొదటి మాటలు, అనగా నిత్యుడైన దేవుడు ఒక్కడే అను మాటలు చదివి, దానిని నేలకు జారవిడిచెను. అంతటితో సభ ముగిసెను. రంగూను విడిచి వేరే చోటికి పోవుదమని ఆయన తలంపగా, ఆ కొద్దిమంది విశ్వాసులు కనీసము పదిమంది శిష్యులగువరకైనను ఉండుడని బ్రతిమాలిరి. ఆ జూలైలోనే పదవ విశ్వాసి బాప్తిస్మము పొందెను. ఆమె మా మిన్ లా అను స్త్రీ. బర్మా స్త్రీలలో ఆమెయే మొదటిది.

1823 జూలైలో క్రొత్త నిబంధన తర్జుమా పూర్తియాయెను. అప్పటికి ఆన్ దొరసాని ఆరోగ్యము చెడి అమెరికాకు పోయియుండెను. డిసెంబరులో ఆమె తిరిగి రాగా, ఇరువురును రాజధానియైన ఆవాకు వెళ్లిరి. 1824లో ఇంగ్లీషువారికిని బర్మావారికిని యుద్ధము మొదలయ్యెను. తెల్లవారందరు వేగులవారని అనుమానము. జూన్ 8వ తేదీన, భోజనవేళ, భటులు ఇంటిలో చొరబడి జడ్సన్ గారిని నేలను పడద్రోసి త్రాళ్లతో కట్టి ఈడ్చుకొనిపోయిరి.

ఆ చెరసాలకు గాలి వచ్చు కిటికీ లేదు. కావలివారు నరహత్యలు చేసి శిక్షపడి, చెంపలమీద మచ్చలు కాల్చబడినవారు. ఖైదీల కాళ్లకు మూడేసి జతల సంకెళ్లు. రాత్రియైన ఆ కాళ్ల నడుమ ఒక పొడవైన వెదురు దూర్చి పైకెత్తుదురు. భుజములును తలయు మాత్రమే నేలకు ఆనును. ఎండకాలములో నూరుమంది ఖైదీలున్న ఆ గదిలో, కుళ్లుకంపు నడుమ, తెల్లవార్లు అట్లు వ్రేలాడవలెను. ఆన్ దొరసాని గర్భవతియై యుండియు దినదినము రెండు మైళ్లు నడచి, అధికారి ఇంటి గుమ్మములో కూర్చుండి, లంచములు ఇచ్చి, కన్నీళ్లు కార్చి, భర్తకు అన్నము, బట్టలు పంపుచుండెను. 1825 జనవరిలో మరియ అను కుమార్తెను కని, మూడు వారముల బిడ్డను చంకను పెట్టుకొని చెరసాల గుమ్మమునకు వచ్చెను.

ఇక్కడ ఒక విచిత్రము చెప్పెదను. రాజునకు ఎవరో కానుక ఇచ్చిన సింహము నొకదానిని, ఇంగ్లీషువారికి అది గురుతని శంకించి, చెరసాల ముంగిట బోనులో పెట్టి ఆకలితో చంపిరి. జడ్సన్ గారికి జ్వరము ముదిరినప్పుడు, ఆ ఖాళీ బోనులో ఆయనను ఉంచుటకు దొరసాని అనుమతి సంపాదించెను. దానియేలు సింహముల గుహలో దిగి దేవునివలన కాపాడబడెను. ఈ సేవకునికైతే సింహము బోనే లోపలి గదికంటె మేడగా తోచెను.

క్రొత్త నిబంధన వ్రాతప్రతి ఒక్కటే యుండెను. నకలు లేదు. భర్తను పట్టుకొనిపోయిన వెంటనే దొరసాని దానిని ఇంటియొద్ద మంటిలో పాతిపెట్టెను. అది వర్షాకాలము. మంటిలో కాగితము బూజుపట్టి నశించును. అందుచేత తవ్వి తీసి, ప్రత్తిలో చుట్టి, గట్టి దిండుగా కుట్టి, చాప పైతొడుగు వేసి చెరసాలకు పంపెను. ఎంత గట్టి దిండనగా, దానిని దొంగిలింపవలెనని ఏ కావలివానికిని ఆశ కలుగదు. జడ్సన్ గారు ఆ దిండుమీదనే తలపెట్టి పండుకొనుచుండిరి. తొమ్మిది పది నెలలకు ఖైదీల సామానంతయు దోచుకొనినప్పుడు దిండు ఒక కావలివాని వంతునకు పోయెను. వానికి మెత్తని దిండు ఒకటి ఇచ్చి, దీనిని మరల తీసికొనిరి. ఈ తెల్లవారికి బుద్ధి లేదని వాడు తప్పక అనుకొనియుండును.

1825 మే 2వ తేదీన, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఖైదీల పైబట్టలు ఊడదీసి, ఇద్దరిద్దరిని నడుములకు త్రాడు కట్టి, చెప్పులు లేక నడిపించిరి. మే నెలలో కాలే ఇసుకమీద కాళ్లు మోపినవారికి తెలియును. అర మైలు నడువకమునుపే జడ్సన్ గారి అరికాళ్లు చర్మము ఊడి నెత్తురోడెను. ఒక గ్రీకు ఖైదీ ఆ దారిలోనే ప్రాణము విడిచెను. అప్పుడు మరియొక ఖైదీయైన ఇంగ్లీషు వర్తకుని బెంగాలీ నౌకరు ఒకడు వెంట వచ్చి, తన తలపాగా విప్పి చింపి, సగము తన యజమానుని పాదములకును సగము జడ్సన్ గారి పాదములకును చుట్టి, తన భుజము ఆనికగా ఇచ్చి నడిపించెను. అతని పేరు నాకు ఎక్కడను దొరకలేదు. మంచి సమరయుని కథ బోధించునప్పుడెల్ల నాకు అతడు జ్ఞాపకమునకు వచ్చును.

ఆ ఉదయము ఖైదీలను దోచుకొనిన కావలివాడు దిండునుండి చాప తొడుగు ఊడదీసికొని, లోపలి ప్రత్తి ముద్ద పనికిరాదని పారవేసి యుండెను. కొన్ని గంటలకు మౌంగ్ ఇంగ్ అను బర్మా విశ్వాసి, జడ్సన్ గారికి ఆవాలో సేవచేసినవాడు, ఆ చోటికి వచ్చి చూచెను. బోధకుడు లేడు. నేలమీద ఆ ముద్ద ఒకటి యుండెను. అందులో ఏమున్నదో అతడెరుగడు. తన బోధకుని గురుతుగా ఉంచుకొందమని ఇంటికి తీసికొనిపోయి దాచెను. కొన్ని నెలలు గడచిన తరువాత విప్పి చూడగా, లోపల క్రొత్త నిబంధన ఒక్క ఆకైన చెడక యుండెను. గ్రీకు పండితుడు వ్రాసెను, భార్య కుట్టెను, నౌకరు ఏరుకొనెను. ఈ మూటిలో ఏది లేకున్నను గ్రంథము లేదు.

ఔంగ్ బిన్ లే అను పల్లెలో చెర ఆరు నెలలు. ఆన్ దొరసాని పసిబిడ్డతో బండి ఎక్కి అక్కడికిని వెంబడించి వచ్చెను. పెంచుకొనుచున్న బర్మా పిల్లకు మశూచికము వచ్చెను. దొరసానికి విషజ్వరము వచ్చి పాలు ఎండిపోయెను. అప్పుడు జడ్సన్ గారు కావలివారికి ఏదో ఇచ్చి సెలవు తీసికొని, సంకెళ్లతో కాళ్లీడ్చుకొనుచు, ఏడ్చుచున్న మరియను ఎత్తుకొని, ఇంటింటికి తిరిగి, పాలిచ్చు తల్లులను ఒక్కసారి ఈ బిడ్డకు పాలియ్యుడని యాచించిరి. ఆ తల్లులు బౌద్ధులు. వారి మగవారు ఆ తెల్లవారితోనే యుద్ధము చేయుచుండిరి. అయినను బిడ్డను అందుకొని పాలిచ్చిరి. చెరసాల కష్టములన్నిటికంటె ఈ సంగతి చదువునప్పుడే నాకు కంఠము పట్టును.

1825 నవంబరులో, సంధి మాటలకు దుబాసీ కావలసివచ్చి, ఆయనను విడిపించిరి. 1826 ఫిబ్రవరి 24వ తేదీన యాందబో సంధి జరిగెను. కుటుంబము ఇంగ్లీషువారి క్రొత్త రేవైన ఆమ్హర్స్టునకు చేరెను. ఇంగ్లీషు రాయబారి ఆవాకు పోవుచు దుబాసీగా రమ్మని పిలువగా, ఒప్పందములో మతస్వాతంత్ర్యము వ్రాయించవచ్చునను ఆశతో జడ్సన్ గారు వెళ్లిరి. అది కాలేదు. ఆయన దూరముననుండగానే, 1826 అక్టోబరు 24వ తేదీన, ఆన్ దొరసాని జ్వరముతో 36వ ఏట ఆమ్హర్స్టులో చనిపోయెను. చివరి క్షణమున ఆమె నోటినుండి వచ్చిన మాట బర్మా భాషలోనే వచ్చెను. నల్లముద్ర వేసిన ఉత్తరము అందినప్పుడు, బిడ్డ చనిపోయెనని తెచ్చినవాడు చెప్పగా, మరియను తలచుకొనుచు ఆయన దానిని విప్పిరి. చదువగా పోయినది భార్య. ఆరు నెలలకు, 1827 ఏప్రిల్ 24న, మరియయు పోయెను. ఆమెను తల్లి ప్రక్కను పాతిపెట్టిరి.

ఇక చెప్పవలసినదానిని మన పుస్తకములు కొన్ని దాటివేయును. నేను దాటివేయను. ఆయన తన సొంత సొమ్ము మిషనుకు ఇచ్చివేసిరి. కాలేజీవారిచ్చిన డాక్టరు బిరుదును విసర్జించిరి. తనకు వచ్చిన మెప్పుదల ఉత్తరములను నాశనము చేసిరి. మౌల్మేను దగ్గర పులులు తిరుగు అడవిలో గుడిసె వేసికొని ఒంటరిగా ఉండిరి. గోయి త్రవ్వించి, దాని ప్రక్కను కూర్చుండి తన దేహము కుళ్లుటను తలపోసికొనుచుండిరి. 1829 అక్టోబరులో, భార్య పోయి మూడేండ్లు నిండిన దినమున, దేవుడున్నాడని నమ్ముదును గాని ఆయన నాకు కనబడుట లేదను భావముతో ఉత్తరము వ్రాసిరి. ఇతరులకు దేవుని వాక్యమును అందించినవానికి ఆ వాక్యములోని దేవుడు మరుగైపోయెను.

మా సంఘములో ఒక తల్లికి ఒక్కగానొక్క బిడ్డ చనిపోయినప్పుడు, ఏడాదివరకు ఆమె ప్రార్థనలో నోరు విప్పలేదు. కొందరు ఆమె విశ్వాసమును శంకించిరి. నేను ఆమె ఇంటికి పోయి బోధ చేయక ఈ జడ్సన్ గారి మూడేండ్ల చీకటిని చెప్పితిని. ఆమె ఏమియు బదులు చెప్పలేదు. ఆ తరువాత కొన్నాళ్లకు మరల గుడికి వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను.

జడ్సన్ గారి చీకటియు ఒక్క దినమున పోలేదు. పని చేయుచు చేయుచు కొంచెము కొంచెముగా తొలగెను. 1828లోనే ఆయన మిత్రుడు బోర్డ్‌మన్ గారు కో తా బ్యూ అను కరేను మనుష్యునికి బాప్తిస్మమిచ్చిరి. మునుపు దోపిడీలును హత్యలును చేసినవాడతడు. అప్పు తీర్చలేక బానిసగా నుండగా, ఒక బర్మా క్రైస్తవుడు అప్పు చెల్లించి విడిపించెను. అతనివలన కొండలలోని కరేను జనుల మధ్య గొప్ప ఉజ్జీవము పుట్టెను. జడ్సన్ గారు అడవి గుడిసె విడిచి ఆ పల్లెలు తిరిగిరి. 1831లో రంగూను గోపురపు పండుగకు వచ్చిన జనులకు, అడిగినవారికి మాత్రమే ఇచ్చుచు, సుమారు 10,000 కరపత్రములు పంచిరి.

తరువాత గదిలో కూర్చుండి హెబ్రీ భాషనుండి పాత నిబంధనను దినమునకు సుమారు 25 లేక 30 వచనముల చొప్పున తర్జుమా చేసి, 1834 జనవరి 31వ తేదీన చివరి ఆకు పట్టుకొని మోకాళ్లూనిరి. రంగూను చేరిన ఇరువదియొకటవ సంవత్సరమది. ఇంకొకరైన అంతటితో తృప్తిపడెదరు. ఆయన మొదటినుండి మరల దిద్దుట మొదలుపెట్టి, 1840 అక్టోబరు వరకు ఆ పనిలోనే యుండిరి. ఆ బర్మా బైబిలు నేటికిని ఆ దేశపు ప్రొటెస్టెంటు సంఘములలో చదువబడుచున్నది.

1834లో బోర్డ్‌మన్ గారి విధవరాలైన సారా గారిని వివాహమాడిరి. ఆమె యాత్రికుని ప్రయాణమును బర్మా భాషలో వ్రాసెను. ఎనిమిదిమంది బిడ్డలను కని, 1845లో అమెరికాకు పోవు దారిలో సెయింట్ హెలీనా దీవియొద్ద చనిపోయెను. 33 ఏండ్ల తరువాత స్వదేశమున కాలుపెట్టిన జడ్సన్ గారికి గొంతు పోయియుండెను. కూటములలో మెల్లగా గుసగుసగా మాటలాడగా, ప్రక్కనున్నవారు బిగ్గరగా చెప్పవలసివచ్చెను. అక్కడ ఎమిలీ చబ్బక్ అను రచయిత్రిని వివాహమాడి, 1846లో మౌల్మేనునకు తిరిగివచ్చి, నిఘంటువు పనిలో దిగిరి. భాష నేర్చుకొన వచ్చినప్పుడు తనకు లేని పుస్తకమును తన వెనుక వచ్చువారికి వ్రాసిపెట్టుచుండిరి. ఇంగ్లీషు-బర్మా భాగము 1849లో ముగిసెను.

ఆ సంవత్సరాంతమున జబ్బు పడగా, సముద్రపు గాలికి కుదురునని వైద్యులు చెప్పిరి. ఎమిలీ గారు నిండు గర్భిణి గనుక వెంట పోలేకపోయెను. 1850 ఏప్రిల్ 3న ఫ్రెంచి ఓడలో బయలుదేరి, 12వ తేదీన ఓడలోనే ప్రాణము విడిచిరి. వయస్సు 61. ప్రార్థన చేయుటకు కాపరి ఎవరును ఓడలో లేరు. నావికులు మౌనముగా ఆయన దేహమును బంగాళాఖాతములో దింపిరి. 37 ఏండ్ల క్రిందట తన మొదటి బిడ్డను అప్పగించిన సముద్రమది. మన బందరు ఒడ్డును తాకునదియు అదే.

పది దినములకు మౌల్మేనులో ఎమిలీ గారు మగబిడ్డను కనగా, ఆ దినమే బిడ్డ చనిపోయెను. భర్త సంగతి ఆమెకు తెలియదు. మే, జూన్, జూలై గడచెను. వర్షములు పట్టెను. వచ్చిన ప్రతి ఓడనుగూర్చి ఆమె విచారించుచుండెను. ఆగస్టు నెలాఖరున కలకత్తానుండి ఉత్తరము వచ్చెను.